ముప్పై రెండు క్లిక్కుల కారు

శనివారం పొద్దున కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కారు షెడ్డులో ఇవ్వాలి. పన్నెండింటికి కుదుపులు మింగే కొత్త సస్పెన్షన్‌తో తెచ్చుకోవాలి. నాలుగింటికి అత్తగారిని అందులో ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి. ఆవిడ దిగి అరవై మార్కులు వెయ్యాలి. అంతే! ఇందులో పొరపాటుకి చోటెక్కడుంది అని ఆయన పళ్ళు తోముకుంటూ రెండుసార్లు, తల దువ్వుకుంటూ మూడుసార్లు అనుకున్నాడు. అన్నిసార్లు అనుకోవలసి వచ్చిందంటేనే తెలియడం లేదూ, మనిషి ఎంత కంగారులో ఉన్నాడో!

మార్కుల సంగతి చెప్పాలి. అత్తగారు ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. నడుములో డిస్కు జారి ఆరు నెలలుగా కూతురింట్లో ఉంటోంది. ఉద్యోగం పోయినా ఎర్ర పెన్ను మాత్రం ఆవిడ చేతిలోనే ఉంది. దుప్పటి మడతకి, టీవీలో వార్తలు చదివే అమ్మాయికి, పక్కింటి వాళ్ళ కాలింగ్ బెల్లుకి, దేనికైనా వందకింత అని వేసేస్తుంది. వారానికి రెండుసార్లు అల్లుడి కారులో వెళ్ళొచ్చాక ఒక నోటుబుక్కులో తేదీ రాసి ఆ ప్రయాణానికి కూడా మార్కు వేస్తుంది. ముప్పై అయిదు, ఇరవై ఎనిమిది, ముప్పై ఒకటి... డ్రైనేజీ మూత మీదుగా వెళ్ళిన రోజున పన్నెండు. దాని పక్కనే 'శ్రద్ధ లేదు' అని రిమార్కు కూడాను.

పాపం, తప్పు ఆయనది కాదు. కారుది. అది రెండు తలుపుల ఎర్రటి స్పోర్ట్స్ కారు. నేలకి జానెడెత్తున ఉంటుంది. రోడ్డు మీద చిన్న రాయి ఉన్నా కూర్చున్నవాళ్ళ వెన్నుపూసకి కబురు అందుతుంది. అలాంటి కారుని ఆయన రోజూ తన కళ్ళజోళ్ళ షాపుకి ఇరవై నిమిషాలు, తిరిగి ఇంటికి ఇరవై నిమిషాలు నడుపుతాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎవరో ఒకరి కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా... ఇదా?" అని అడగడమే ఆయన బతుకు. ఇంటికొస్తే ఇంట్లోవాళ్ళు ఆయన్ని అడుగుతారు. ఆ కారులో ఒంటరిగా ఉన్నంతసేపే ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. ఆ కాసేపు దొరుకుతుంది కాబట్టే మిగతా రోజంతా ఆయన మంచివాడుగా చలామణీ అవుతున్నాడు.

భార్య ఆసుపత్రిలో మత్తు డాక్టరు. ఆవిడ గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. నెల కిందట తల్లి నోటుబుక్కు తిరగేసి, మూసి, భర్త వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది.

"ఏవండీ, వచ్చే నెల మొదటి శనివారం దాకా చూద్దాం. అమ్మ అరవై వేసిందా, కారు మనింట్లోనే ఉంటుంది. లేదంటే మర్నాడు తమ్ముడొచ్చి వాడి పెద్ద కారు ఇక్కడ పెట్టి, దీన్ని తీసుకెళ్తాడు. భయపడకండి, నొప్పి తెలీదు."

బామ్మర్దికి ఆ ఎర్ర కారు మీద మూడేళ్ళుగా కన్ను. ఆ మాట చెవిన పడగానే "బావా, దానికి సీటు కవర్లు ఏ రంగు బాగుంటాయంటావ్?" అని ఫోను చేశాడు.

ఇక ఆ నెలంతా కళ్ళజోళ్ళాయన పని అడక్కండి. కస్టమరు కన్ను చార్టు మీద ఉన్నంతసేపూ ఈయన కన్ను ఫోను మీద. సస్పెన్షన్ మార్చుకోవచ్చని తెలిసింది. ఎలాంటిది పెట్టుకోవాలో మాత్రం ఏ ఇద్దరూ ఒకే మాట చెప్పలేదు. ఇంటర్నెట్టులో ఒకడు గట్టిది పెట్టమన్నాడు, ఇంకొకడు మెత్తటిది పెట్టమన్నాడు, మూడోవాడు 'నడుము గురించి ఆలోచించేవాడికి ఈ కారెందుకు' అని తిట్టాడు. వడబోయగా వడబోయగా రెండు మిగిలాయి. ఒకటి, మెత్తగా ఉండి, ఏ సర్దుబాటూ లేనిది. రెండోది, కారు ఎత్తు పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ మరలున్న రింగు, మెత్తదనం మార్చుకోవడానికి ప్రతి చక్రం దగ్గరా ఒక బుడిపె, ఆ బుడిపె తిప్పితే ముప్పై రెండు క్లిక్కులు ఉన్నది.

"రోజూ నడిపే బండికి ఇన్ని క్లిక్కులెందుకు సార్?" అన్నాడు షెడ్డులో మేస్త్రి. "ఆ మొదటిది పెట్టించుకోండి. పెట్టాక మర్చిపోవచ్చు."

"మర్చిపోవడం నాకు చేతకాదు మేస్త్రీ" అన్నాడు కళ్ళజోళ్ళాయన. అది నిజమే. రెండోదే తెప్పించాడు.

శనివారం మేస్త్రి పన్నెండింటికి అయిదు నిమిషాలు తక్కువుండగానే పని ముగించాడు. బానెట్ ఎత్తి ముందు బుడిపెలు రెండూ, డిక్కీ ఎత్తి వెనక బుడిపెలు రెండూ చూపించాడు.

"నాలుగూ పదహారు మీద పెట్టాను సార్. ఎడమా కుడీ ఎప్పుడూ ఒకటే ఉండాలి. వారం రోజులు ఇలాగే నడపండి, తర్వాత చూద్దాం. అందాకా వేలు పెట్టకండి" అని, ఎత్తు మార్చే కొక్కెం పానా ఆయన చేతికిచ్చాడు. "ఇది డబ్బాలో వచ్చింది కాబట్టి ఇస్తున్నా. ఇంట్లో ఎక్కడైనా పడేయండి."

కళ్ళజోళ్ళాయన బుద్ధిగా తల ఊపాడు. కానీ లోపల ఏదో గుచ్చుకుంది. ఇరవై రెండేళ్ళుగా ఆయన ఎడమ కన్ను మూసి కుడిదీ, కుడిది మూసి ఎడమదీ విడివిడిగా చూసి అద్దాలిస్తున్నాడు. చూడకుండా రెండింటికీ ఒకటే నంబరు రాసిచ్చేవాణ్ణి ఆయన మనిషిగా లెక్కెయ్యడు. ఎడమా కుడీ ఒకటేనట! పరీక్ష చెయ్యకుండానే!

అయినా ఓర్చుకుని బయల్దేరాడు. కారు హాయిగా పోతోంది. ఆయనకి ఆనందం కలగబోయింది కూడా. అంతలో మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎడమవైపు ముందు నుంచి 'టక్' అని చిన్న చప్పుడు. అత్తగారు కూర్చునేది ఎడమవైపే! కారు పక్కకి ఆపి, బానెట్ ఎత్తి, ఎడమ బుడిపెని రెండు క్లిక్కులు మెత్తన చేశాడు. రెండే కదా! రెండో స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎడమ బాగుంది, కుడి వదులుగా అనిపించింది. దిగాడు. మూడో దాని దగ్గర ముందు బాగుంది, వెనక ఊగింది. దిగాడు. షెడ్డు నుంచి ఇంటికి పదకొండు స్పీడ్ బ్రేకర్లు. ఇల్లు చేరేసరికి ఎడమ ముందు తొమ్మిది, కుడి ముందు ఇరవై రెండు, ఎడమ వెనక పద్నాలుగు, కుడి వెనక ఇరవై ఏడు.

ఇంకా నాలుగు కాలేదు. అసలు పరీక్షకి ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకుంటే పోతుంది కదా అనిపించింది. అపార్టుమెంటు సెల్లారులో కారు పెట్టి, అత్తగారిని బతిమాలి లిఫ్టులో కిందికి తెచ్చాడు. అంత కిందికి ఉన్న సీట్లో కూర్చోవడానికి ఆవిడకి పది నిమిషాలు పట్టింది.

"అత్తయ్యా, కళ్ళు మూసుకోండి. అప్పుడు తేడా బాగా తెలుస్తుంది. నేను కారుని పైనుంచి నొక్కుతాను. ఇది బాగుందా..." ఒకసారి నొక్కాడు. పరిగెత్తి బుడిపె తిప్పొచ్చి మళ్ళీ నొక్కాడు. "ఇదా?"

"మొదటిది మళ్ళీ చూపించు."

చూపించాడు.

"రెండోది?"

చూపించాడు. చెమటలు కారుతున్నాయి.

"రెండూ ఒకలాగే ఉన్నాయి. ఇది పద్ధతి కాదు అల్లుడూ. మొత్తం ఎన్ని మెట్లున్నాయన్నావు?"

"ముప్పై రెండండీ. నాలుగు చక్రాలకీ."

ఆవిడ కళ్ళు మూసుకునే పెదాలు కదిపింది. "పది లక్షల నలభై ఎనిమిది వేల అయిదు వందల డెబ్బై ఆరు రకాలు. ఒక్కోటి ఒక నిమిషం చూసినా రెండేళ్ళు పడుతుంది. ఫిజియోథెరపీ నాలుగింటికి."

అప్పటికే రెండు దాటింది. దానికి తోడు ఆవిడ ఇంకో మాట అంది.

"అదలా ఉంచు. నేను ఎడమవైపుకి జారుతున్నాను. నీ కారు ఒరిగి ఉంది."

కిటికీలోంచి చూస్తే నిజంగానే ఆవిడ ఎడమకి ఒరిగి ఉంది. ఒరిగింది కారు కాదు. సెల్లారు కడిగిన నీళ్ళు నిలవకుండా నేలనే ఎడమవైపుకి వాలుగా కట్టారు. ఆ ఇంట్లో పదేళ్ళుగా ఉంటున్న మనిషికి ఆ సంగతి గుర్తు రావాలా వద్దా? రాలేదు. కంగారులో ఉన్నవాడికి కొక్కెం పానా గుర్తొచ్చింది.

"అత్తయ్యా, ఒక్కసారి దిగుతారా? ఎడమవైపు ఎత్తు పెంచుతాను."

"ఎక్కడానికి పది నిమిషాలు పట్టింది. ఇప్పుడు దిగి, మళ్ళీ ఎక్కడం నావల్ల కాదు. నీ పనేదో నువ్వు చూసుకో" అని ఆవిడ తల వెనక్కి ఆన్చింది. రెండు నిమిషాల్లో నిద్రపోయింది.

ఆయన జాకీ ఎక్కించి, ఎడమ చక్రాలు ఒకదాని తర్వాత ఒకటి విప్పి, రింగులు తిప్పుతూ కూర్చున్నాడు. కూర్చుంటే చెయ్యి అందలేదు. పడుకున్నాడు. పడుకుంటే రింగు కనబడలేదు. ఇంకొంచెం లోపలికి జరిగాడు. చివరికి బయట మోకాళ్ళ కిందిభాగం మాత్రం మిగిలింది.

సరిగ్గా అప్పుడే అపార్టుమెంటు సెక్రటరీగారు మోటారు స్విచ్చు చూద్దామని సెల్లారులోకి తొంగిచూశారు. దగ్గరికి వెళ్ళి కనుక్కోవడం ఆయన పద్ధతి కాదు. ముందు ఫోను, తర్వాత విచారణ. ఎర్ర కారు, దాని కింద నుంచి కదలని రెండు కాళ్ళు, లోపల నోరు తెరిచి తల వాల్చేసిన పెద్దావిడ. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. మెట్ల మీదే నిలబడి మత్తు డాక్టరుకి ఫోను చేశారు.

"డాక్టరమ్మా, కంగారు పడకండి. మీ అమ్మగారికి కారులో స్పృహ లేదు. మీవారు ఆ కారు కిందే ఉన్నారు. కాళ్ళు కనిపిస్తున్నాయి. మిగతాది నేను చూడలేదు."

ఆవిడ కంగారు పడలేదు. "అలాగేనండీ" అని, ఆసుపత్రి ఆంబులెన్సుని పంపించి, దగ్గర్లో ఉన్న తమ్ముడికి చెప్పి, ఆ తర్వాత కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడిగింది. ఆవిడ డ్యూటీలో ఉండగా నీళ్ళు అడగడం అదే మొదటిసారని నర్సులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

కళ్ళజోళ్ళాయన చక్రాలు బిగించి, జాకీ దించి, అత్తగారి వంక చూశాడు. నిటారుగా ఉంది! సెల్లారులో కారు తూచినట్టు నిలబడింది. అబ్బ, బతికాను అనుకుని చేతులు తుడుచుకుంటూండగా సైరను వినిపించింది. ఇద్దరు మనుషులు స్ట్రెచర్‌తో దిగారు. వాళ్ళలో పొడుగాయన చేతిలో కాగితం చూసుకున్నాడు.

"పెద్దావిడ, స్పృహ లేదు. ఈవిడేనా?"

"అయ్యో, కాదండీ! ఆవిడ నిద్రపోతోంది!"

"పక్కకి జరగండి సార్. చుట్టాలందరూ ముందు అలాగే అనుకుంటారు."

అత్తగారికి గాల్లో మెలకువ వచ్చింది. "ఎవర్రా మీరు? దించండి నన్ను! నాకేం కాలేదు!"

"మాట్లాడకండమ్మా. ఓపిక పోతుంది."

"నేను ముప్పై నాలుగేళ్ళు మాట్లాడితే పోనిది ఇప్పుడు పోతుందా?" అని ఆవిడ అంటూండగానే తలుపులు మూసుకున్నాయి. సైరను మోగింది. ఆంబులెన్సు వెళ్ళిపోయింది.

అదే నిమిషంలో బామ్మర్ది తన పెద్ద కారు గేటు బయట వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "బావా! నువ్వు బాగానే ఉన్నావా?"

"నా సంగతి తర్వాత! ఎక్కు!"

ఇద్దరూ ఎర్ర కారులో ఆంబులెన్సు వెనక పడ్డారు. సెల్లారు దాటి చదును రోడ్డు మీదికి రాగానే అసలు సంగతి బయటపడింది. వాలు నేల మీద నిటారుగా ఉన్న కారు, చదును నేల మీద కుడికి వంగిపోయింది. ఎడమ సీట్లో ఉన్న బామ్మర్ది మెల్లగా బావ మీదికి జరిగాడు.

"బావా, నేనెందుకు నీ ఒళ్ళోకి వస్తున్నాను?"

"పట్టుకుని కూర్చోరా!"

"ఏం పట్టుకోమంటావ్?"

మొదటి స్పీడ్ బ్రేకర్ మీద ఎడమ ముందు చక్రం మెత్తగా దిగింది, కుడి ముందుది ఠంగుమంది. వెనకవి రెండూ ఎవరికి తోచినట్టు అవి ఎగిరాయి. బామ్మర్ది తల పైకప్పుకి కొట్టుకుంది. రెండో దాని దగ్గర పైకప్పుకీ, తలుపుకీ కూడా కొట్టుకుంది. అయిదో స్పీడ్ బ్రేకర్ దాటాక అతను గొంతు సవరించుకున్నాడు.

"బావా... రేపటి గురించి నాకేమంత తొందర లేదు."

కళ్ళజోళ్ళాయన వినలేదు. నెల రోజుల చదువు, మేస్త్రి మాట, కొక్కెం పానా, అన్నీ ఆయన కళ్ళ ముందు తిరుగుతున్నాయి. కారు ఎలాగూ పోయింది. అత్తగారి నడుముకి ఏమన్నా అయితే భార్య ముఖం ఎలా చూడాలి?

ఆసుపత్రి ముందు భార్య నిలబడి ఉంది. భర్తని తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసింది. కాళ్ళు రెండోసారి చూసింది. లోపల స్ట్రెచర్ మీద అత్తగారు లేచి కూర్చుని ఉంది. కొప్పు ఊడిపోయింది. కళ్ళజోడు ఒక చెవికి వేలాడుతోంది.

"అమ్మా, ఎలా ఉంది?"

"తొమ్మిది" అంది ఆవిడ. "వందకి. అదీ సైరను సమయానికి మోగింది కాబట్టి. ఏ గుంతా వదల్లేదే తల్లీ! కట్టేసి మరీ కుదిపారు!"

డాక్టర్లు చూశారు. ఏమీ కాలేదన్నారు. ఫిజియోథెరపీ అక్కడే కాబట్టి ఆ పని కూడా అయిపోయింది. ఆ గంటలో కళ్ళజోళ్ళాయన కారు పక్కన నిలబడి మేస్త్రికి ఫోను చేశాడు.

"మేస్త్రీ... కొంచెం వేలు పెట్టాను."

"ఎంత సార్?"

ఆయన నాలుగు నంబర్లూ చెప్పాడు. ఎడమవైపు ఎత్తు సంగతి కూడా చెప్పాడు.

"మేస్త్రీ, ఉన్నారా?"

"ఉన్నాను సార్. అసలు నడపొద్దు. తప్పదంటే ఇరవై స్పీడు దాటకండి. దాటితే నా పూచీ లేదు. రేపు పొద్దున్నే తీసుకురండి, నేనే సరిచేస్తాను. ఆ పానా కూడా తెచ్చి నాకిచ్చెయ్యండి."

ఫోను జేబులో పెట్టుకునేసరికి భార్య తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొస్తోంది.

"ఏవండీ, అమ్మ మీ కారులో వస్తుంది. నేనూ తమ్ముడూ వెనక టాక్సీలో వస్తాం. ఇవాళ్టి మార్కు ఇదే."

"ఇవాళ వద్దేమోనే... కారు కొంచెం..."

"ఇవాళే కదా అనుకున్నాం."

అత్తగారిని కూర్చోబెట్టి ఆయన స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆంబులెన్సు దెబ్బకి ఆవిడ అలిసిపోయి ఉంది. చెప్పకుండానే కళ్ళు మూసుకుంది. కారు కదిలింది. పది, పదిహేను, ఇరవై. అక్కడ ఆగిపోయింది. బస్సులు దాటిపోయాయి. స్కూటర్లు దాటిపోయాయి. ఉత్తరాల సంచీతో సైకిలు మీద పోతున్న పోస్టుమాన్ కూడా దాటి, వెనక్కి తిరిగి జాలిగా చూశాడు. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఆయన కారుని దాదాపు ఆపి, ఒక్కో చక్రాన్నీ విడివిడిగా ఎక్కించి దించాడు. ఇక దీన్ని నడిపేది ఉండదని ఆయనకి నిశ్చయంగా తెలిసిపోయింది. స్టీరింగు మీంచి చెయ్యి తీసి ఒకసారి డాష్‌బోర్డు నిమిరాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇరవై స్పీడు మీద కళ్ళు తుడుచుకోవడానికి కావలసినంత సమయం ఉంటుంది.

ఇంట్లో భోజనాల బల్ల దగ్గర అందరూ కూర్చున్నారు. అత్తగారు నోటుబుక్కు తీసి, తేదీ రాసి, గీత కొట్టి, పెన్ను మూత పెట్టింది. పుస్తకం కూతురి వైపు తిప్పింది.

"ఎనభై నాలుగు" అని చదివింది కూతురు.

కళ్ళజోళ్ళాయన పుస్తకం తనవైపు లాక్కుని చూసుకున్నాడు. "అత్తయ్యా... నిజంగానా? నాలుగు చక్రాలూ నాలుగు రకాలుగా ఉన్నాయండీ! ఇరవై స్పీడు దాటొద్దన్నాడు మేస్త్రి! కారు కుడికి ఒరిగిపోయి ఉంది!"

"ఉంటే ఉంది. ఇదా, అదా అని నువ్వే కదా అడిగావు? ఆ ఆంబులెన్సు చూశాక ఇది పూలపాన్పు. పైగా ఇవాళ మనిషిలా నడిపావు. ఇన్నాళ్ళూ ఈ స్పీడు ఎక్కడ దాచావు? ఆ తిప్పుళ్ళూ, బుడిపెలూ లేకుండా మొదటి రోజే ఇలా నడిపి ఉంటే ఎనభై అప్పుడే వేసేదాన్ని." ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, ఈ కారు ఎవరికీ ఇచ్చేది లేదు."

"వద్దమ్మా, వద్దు" అన్నాడు బామ్మర్ది, నెత్తి మీద బొప్పి తడుముకుంటూ. చాలా త్వరగా అన్నాడు.

కళ్ళజోళ్ళాయన లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. నెల రోజుల తర్వాత ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్ళి పూర్తిగా బయటికి వచ్చింది. కారు తనదే! అందరికీ దణ్ణం పెట్టాలనిపించింది.

"ఇంకో మాట అల్లుడూ" అంది అత్తగారు. "రోజూ కాసేపు బయట తిరగమన్నాడు ఆ ఫిజియో అబ్బాయి. సోమవారం నుంచి పొద్దున నీతో పాటే షాపుకి వస్తాను. సాయంత్రం నీతోనే వచ్చేస్తాను. దారి పొడుగునా ఎక్కడ ఎలా ఉందో చెప్తూ ఉంటాను, నీకూ కాలక్షేపం. ఆ ఇరవై మాత్రం దాటకు."

ఆయన భార్య వైపు చూశాడు.

"మంచిదే కదండీ!" అంది ఆవిడ, ఎప్పటిలాగే నెమ్మదిగా. "అమ్మకీ బాగుంటుంది, మీకూ తోడు."

"మంచిదే" అన్నాడాయన. మంచినీళ్ళు తాగాడు.

బామ్మర్ది కిందికి దిగి, తన పెద్ద కారులో ఒక్కడే కూర్చుని, అద్దాలు దించి, పాటలు పెట్టుకుని వెళ్ళిపోయాడు.